వాల్వు వెలుగు – ట్రాన్సిస్టరు బలము

సంగీతము వినుటకై యింట నుంచుకొను ఆంప్లిఫయరులలో ‘హైబ్రిడ్’ అను నొక జాతి యిప్పుడు అంగళ్లలో కనబడుచున్నది. పైన రెండు గాజు వాల్వులు దీపములవలె వెలుగుచుండును. లోపల బరువుపని యంతయు ట్రాన్సిస్టరులది. చూచుటకు ముచ్చటైన వస్తువే. కాని నెలనెలకు కూడబెట్టిన సొమ్ము దీనిపై వెచ్చింపవచ్చునా యనునది యింటి పద్దు వ్రాయువారు నిదానించి తేల్చుకొనవలసిన మాట.

వాల్వు పాతది. 1948 లో విజయవాడ రేడియో కేంద్ర మారంభమైననాడు మన యిండ్లలో దానిని పలికించినవి వాల్వు రేడియోలే. అంతకు ముందటి సంవత్సరము డిసెంబరులో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో ట్రాన్సిస్టరు పుట్టినది. కొలది దశాబ్దములలో వాల్వును ఇండ్లనుండి వెడలగొట్టినది.

ఈ రెంటిని కలుపుటకు కారణము లేకపోలేదు. వాల్వు సాధారణముగా 200, 300 వోల్టులు కోరును, కాని దానిగుండ పాఱు విద్యుత్తు మిక్కిలి స్వల్పము. లౌడుస్పీకరు గుణ మిందుకు విరుద్ధము. 4 గాని 8 గాని ఓముల నిరోధముతో హెచ్చు ప్రవాహమును కోరును. కావున పూర్తి వాల్వు యంత్రములో నడుమ బరువైన ట్రాన్సుఫార్మరు నుంతురు. ధర పెరుగుట కదియు నొక హేతువు. హైబ్రిడ్‌లో చిన్న వాల్వు మొదట స్వరమును పెద్దది చేయును, పిమ్మట ట్రాన్సిస్టరులు స్పీకరును నడుపును. ఆ ట్రాన్సుఫార్మరుతో పనిలేదు.

వాల్వు ధ్వని మృదువని పొగడుదురు. అది పలుకు స్వరమునకు రెండింతల కంపనములు గల పై స్థాయి స్వరమును రవంత చేర్చును. షడ్జమముతో తారషడ్జమము కలిసినట్లు చెవికి హితమే. అయినను గాయకురాలి కంఠమున లేనిదానిని యంత్రము కలిపినది. ఉన్నదున్నట్లు వినగోరువారి కది యక్కఱలేదు.

ఇక మోసము సంగతి. కొన్ని చౌక యంత్రములలో వాల్వునకు చాలీచాలని వోల్టులిచ్చి, క్రింద చిన్న ఎల్.ఇ.డి. దీపము వెలిగింతురు. నిజమైన వాల్వు కాంతి మందము. పాట దానిగుండ వచ్చుచున్నచో స్విచ్చి వేసిన పిమ్మట కొన్ని సెకండ్లు వేడెక్కనిదే పలుకదు. తక్షణమే పలికినచో నా వాల్వు అలంకారమే!

నా మట్టునకు, సొమ్ము మితముగా నున్నచో మొదట మంచి స్పీకరులు కొనుడనియే చెప్పుదును. వినికిడిలో అవి కలిగించు భేదము మిక్కిలి గొప్పది. వానికి సామాన్యమగు ట్రాన్సిస్టరు ఆంప్లిఫయరే చాలును. స్పీకరులుండి, ముచ్చటయు సొమ్మును మిగిలినచో హైబ్రిడ్ కొనవచ్చును, అప్పుచేసి మాత్రము కాదు. చిన్న వాల్వు వేలకొలది గంటలు పనిచేసినను శాశ్వతము కాదు గనుక, అది ఊడదీసి మార్చదగినదా, 12ఏఎక్స్7 వంటి సులభముగా దొరకు రకమా యని ముందే యడుగవలయును.

గాజు చేయి కాలునంత వేడెక్కును; పసిపిల్లల కందని యెత్తున నుంచుడు. రేడియోపై కుట్టుపని చేసిన గుడ్డ కప్పుట మన యిండ్లలో వాడుక గదా! దీనిపై మాత్రము చల్లారువఱకు కప్పరాదు.