తుంటి నొప్పి తలరాత కాదు

నాట్ల ముఠా గట్టెక్కే వేళకు పొలం దగ్గర నిలబడి చూస్తే విషయం బోధపడుతుంది. పొద్దుటి నుంచీ నడుం వంచి, బురదలో వెనక్కి వెనక్కి నడుస్తూ నాటిన ఆడవాళ్లలో ఒకరిద్దరు వెంటనే కూర్చోలేరు. ఒక చేయి గజ్జ మీద, ఇంకో చేయి పక్కావిడ భుజం మీద వేసి కాసేపు అట్లాగే నిలబడతారు. ఏమ్మా అంటే, "ఏముందన్నా, గజ్జలో పోటు. కాలు తీసి వెయ్యనియ్యదు. వయసొచ్చింది గదా" అంటారు. ఆ మాట అనే మనిషికి నలభై కూడా దాటి ఉండవు. బస్తాలు మోసే హమాలీలను కదిలించినా ఇదే గోడు.

ఇది వయసు కాదు, తలరాత అంతకన్నా కాదు. చాలామందికి ఇది పని తెచ్చిపెట్టిన నొప్పి. దీనికి మందు కూడా చాలావరకు మన చేతుల్లోనే ఉంది. అయితే ఆ మందు పని చెయ్యాలంటే పని షరతులు మారాలి. మేము చెప్పదలచుకున్నది ఈ రెండు మాటలే.

నొప్పి ఎక్కడిది?

తుంటి కీలు గిన్నెలో బంతి లాంటిది. కటి ఎముకలోని గుంటలో తొడ ఎముక తల తిరుగుతూ ఉంటుంది. తొడ లోపలి వైపు కండరాలు గజ్జ దగ్గర కటి ఎముకను పట్టుకుని ఉంటాయి. బురదలో దిగబడిన కాలును పైకి లాగేటప్పుడు, వంగి పక్కకు అడుగు వేసేటప్పుడు, గొంతుకూర్చుని కలుపు తీసేటప్పుడు, బరువెత్తుకుని వరం ఎక్కేటప్పుడు భారమంతా వీటి మీదే. కీలులో బాధ ఉన్నా అది చాలామందికి గజ్జలోనే తెలుస్తుంది. కొందరికి మోకాలి దాకా దిగుతుంది. అందుకే జబ్బు తుంటిలో ఉంటే, పాపం, ఏళ్ల తరబడి మోకాలికి తైలం రాసుకునేవారున్నారు.

సేద్యానికీ తుంటి అరుగుదలకూ ఉన్న సంబంధం కొత్త సంగతేమీ కాదు. ఇంగ్లండులో రైతుల మీద జరిగిన ఒక పరిశీలనను 1992లో బ్రిటిష్ మెడికల్ జర్నల్ ప్రచురించింది. సేద్యం చేసేవారికి తుంటి అరుగుదల ఇతరులకన్నా పలు రెట్లు ఎక్కువని అందులో తేలింది. 2005లో బ్రిటన్ ప్రభుత్వం దీన్ని వృత్తి వ్యాధుల జాబితాలో చేర్చింది. పదేళ్లకు తగ్గకుండా వ్యవసాయంలో పని చేసిన రైతుకూ, కూలీకీ కూడా పరిహారం కోరే హక్కు వచ్చింది. అక్కడి సేద్యం వేరు, మన సేద్యం వేరు. కానీ ఎముక ఎముకే గదా! మన దేశంలో మాత్రం కూలీ తుంటి ఏ జాబితాకూ ఎక్కలేదు.

సూది మందు మాయ

ఊళ్లో జరిగేదేమిటి? నొప్పి ముదిరితే ఆర్.ఎం.పి. దగ్గరికి పోతాం. ఒక సూది, నాలుగు మాత్రలు. ఏం సూదో ఆయన చెప్పడు, మనం అడగం. సాయంత్రానికి హాయిగా ఉంటుంది, తెల్లారి మళ్లీ మడిలో దిగుతాం. కూలి డబ్బు సూదికి, సూది బలం కూలికి! నొప్పి మాత్రలు నెలల తరబడి మింగితే కడుపులో పుండ్లు పడతాయి, మూత్రపిండాలు దెబ్బతింటాయి. స్టెరాయిడ్ మందులు అడ్డూ ఆపూ లేకుండా వాడితే తొడ ఎముక తలకు రక్తం అందక అది కుళ్లిపోయే ప్రమాదం ఉంది. సారా అలవాటు కూడా ఇదే చేటు తెస్తుంది.

అట్లాగని మంచాన పడి ఉండటమూ వైద్యం కాదు. కదలని కండ చిక్కిపోతుంది. చిక్కిన కండ కీలును కాయలేదు.

డెన్మార్కు చెప్పిన పాఠం

గజ్జల నొప్పితో బాధపడే 68 మంది ఆటగాళ్ల మీద డెన్మార్కు వైద్యులు చేసిన పరీక్ష ఫలితాలు 1999లో వెలువడ్డాయి. ఒక జట్టుకు తొడ, పొట్ట కండరాలకు బలమిచ్చే వ్యాయామం. రెండో జట్టుకు మర్దన, కరెంటు యంత్రాల చికిత్స. రెండూ 8 నుంచి 12 వారాలు సాగాయి. వ్యాయామం చేసిన వారిలో 23 మంది నొప్పి లేకుండా మునుపటిలాగే ఆటకు తిరిగి వెళ్లారు. రెండో జట్టులో అట్లా వెళ్లింది నలుగురే. 2013లో అదే దేశంలో తుంటి, మోకాలి అరుగుదల ఉన్నవారికోసం మరో కార్యక్రమం మొదలైంది. జబ్బు సంగతి రోగికే వివరంగా చెప్పడం, వ్యాయామం నేర్పడం – అందులో ఉన్నది ఈ రెండే. తర్వాత అది అనేక దేశాలకు పాకింది.

చాప చాలు

వీటికి యంత్రాలు అక్కర్లేదు.

ఒకటి: వెల్లకిలా పడుకుని మోకాళ్లు మడిచి, మధ్యలో మడత పెట్టిన దుప్పటి ఉంచి గట్టిగా నొక్కాలి. పది అంకెలు లెక్కపెట్టి వదలాలి.

రెండు: అదే భంగిమలో పిర్రలు మెల్లగా పైకెత్తి, మెల్లగా దించాలి.

మూడు: నొప్పి లేని వైపుకు తిరిగి పడుకుని పై కాలును తిన్నగా ఎత్తి దించాలి.

నాలుగు: అరుగు మీద నుంచి చేతులు ఊనకుండా లేచి, నెమ్మదిగా కూర్చోవాలి.

ఒక్కొక్కటి పదేసి సార్లు, వారానికి మూడు రోజులు. బలం వచ్చేకొద్దీ పెంచుకోవాలి. చేసేటప్పుడు కొద్దిపాటి నొప్పి ఉంటే భయం లేదు, మర్నాటి ఉదయానికి అది సర్దుకోవాలి. సర్దుకోకపోతే తగ్గించి చెయ్యాలి. నాలుగు రోజుల్లో గుణం కనపడదు, రెండు మూడు నెలలు పట్టు విడవకూడదు.

ఇంకొన్ని తెలిసి ఉండాలి. ఎక్స్‌రేలో అరుగుదల కనపడినంత మాత్రాన బతుకంతా నొప్పే అని కాదు. ఫోటోలో అరిగినా హాయిగా నడిచేవారున్నారు. నొప్పి తగ్గేదాకా గొంతుకూర్చోవడం, బాసిపట్టు వేయడం తగ్గించాలి. ఊతకర్ర నొప్పి ఉన్న కాలికి ఎదుటి చేతిలో పట్టుకోవాలి.

అయితే జ్వరంతో తుంటి నొప్పి, పడిన తర్వాత కాలు మోపలేకపోవడం, గజ్జలో ఉబ్బు, చిక్కిపోవడం, రాత్రిళ్లు నిద్రపట్టనివ్వని పోటు, పిల్లలు కుంటడం – వీటిలో ఏది ఉన్నా వ్యాయామాలతో కాలక్షేపం చెయ్యకుండా పెద్దాసుపత్రికి పోవాలి. ఏజెన్సీ ప్రాంతాల్లో సికిల్ సెల్ జబ్బు ఉన్నవారు తుంటి నొప్పిని అసలే అశ్రద్ధ చెయ్యరాదు. కీలు పూర్తిగా చెడితే ఆపరేషనే దారి కావచ్చు.

అసలు చిక్కు

డెన్మార్కు ఆటగాళ్లు వైద్యం సాగినన్నాళ్లూ ఆట ఆపారు. మన కూలీ నాట్ల రోజుల్లో ఎనిమిది వారాలు కాదు, ఎనిమిది రోజులు మానినా పొయ్యిలో పిల్లి లేవదు. ఎకరాకు ఇంతని గుత్తకు ఒప్పుకున్న ముఠాలో ఒకరు నడుం ఎత్తితే ఆ భారం పక్కవారి మీద పడుతుంది. అందుకే ఎవరూ ఎత్తరు. అందుచేత ఈ నొప్పి ఒక్కొక్కరి ఇంట్లో తీరేది కాదు.

నాట్లలో గంటకోసారి లేచి నడిచే విరామం, నొప్పి ఉన్నవారికి కూలి తగ్గించకుండా నారు పంచే పనీ గట్టు పనీ ఇవ్వడం కూలి ఒప్పందంలో భాగం కావాలి. ముఠాలు కూర్చుని మాట్లాడుకుంటే మొదటి అడుగు పడుతుంది. ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో వ్యాయామ చికిత్స నేర్పే మనిషిని నియమించాలని, తుంటి అరుగుదలను వృత్తి వ్యాధిగా గుర్తించాలని వ్యవసాయ కార్మిక సంఘాలు అడగాలి. సంఘం సమావేశాల్లో ఒక అరగంట ఈ వ్యాయామాలకు కేటాయించినా మేలే.

కూలి రేటు కోసం పోరాడి గెలిచాం. ఆ కూలి చేసే ఒంటికోసం కూడా పోరాడవలసిందే.