రేలంగి వనవాసం

భరతముని పేర్కొన్న ఎనిమిది రసాలలో శృంగారం వెంటనే వచ్చేది హాస్యం. తాను నవ్వితే ఆత్మస్థమనీ, ఇతరులను నవ్విస్తే పరస్థమనీ ఆయన దానిని రెండు విధాలుగా చెప్పారు. తాను నవ్వకుండా లోకాన్ని నవ్వించిన ఆంధ్ర నటులలో రేలంగి వెంకట్రామయ్యగారు అగ్రగణ్యులు. అయితే ఆ విద్య ఆయనకు ఒక్కనాట అబ్బినది కాదు.

రేలంగి 1910లో రావులపాలెం చెంతనున్న రావులపాడులో జన్మించారు. పసితనంలోనే తల్లి గతించింది. తండ్రి సంగీతమూ, హరికథలూ నేర్పేవారు. హరికథకుడు ఒంటరిగా నిలిచి, రాజూ తానే, బంటూ తానే అయి, గొంతు మార్చి, నడక మార్చి సభను కూర్చోబెట్టవలసినవాడు. అట్టి కళ నడయాడే ఇంట పెరిగిన బాలునికి పాటా, మాటా, అభినయమూ వేరువేరు విద్యలుగా తోచకపోవడంలో వింత లేదు. స్త్రీలు రంగస్థలమెక్కడం అరుదైన ఆ రోజులలో ఆయన తొలుత ఆడవేషాలు ధరించారు. పిమ్మట కాకినాడలోని యంగ్ మెన్స్ హ్యాపీ క్లబ్బులో చేరారు. ఎస్.వి. రంగారావు, అంజలీదేవి వంటివారిని వెండితెరకు అందించిన నాటక సమాజమది.

దర్శకుడు సి. పుల్లయ్య 1935లో ‘శ్రీకృష్ణ తులాభారం’ చిత్రంలో రేలంగికి విదూషకుని వేషం ఇచ్చారు. తెలుగు టాకీలు కలకత్తాలో కూడ తయారవుతున్న కాలమది. వేషం దొరికింది గాని, పేరు దొరకలేదు. మరొకరయితే ఇంటిముఖం పట్టేవారే. రేలంగి మాత్రం పుల్లయ్యగారినే అంటిపెట్టుకొని ఉన్నారు. నటీనటులను సమకూర్చడం, నిర్మాణ వ్యవహారాలు చూడడం, నడుమ దొరికిన చిన్న వేషం వేయడం ఆయన నిత్యకృత్యమయింది. నటుడు కాదలచినవాడు ఇతరుల నటనకు ఏర్పాట్లు చేస్తూ యౌవనమంతా గడిపారు.

శ్రీరాముని వనవాసం 14 ఏండ్లు, రేలంగిదీ అంతే. ‘వింధ్యరాణి’ (1948) కొంత దారి చూపింది. 1949లో కె.వి. రెడ్డి దర్శకత్వాన వచ్చిన ‘గుణసుందరి కథ’ ఆయనను ప్రేక్షకుల హృదయాలలో నిలిపింది. ఆ చిత్రంలో కథానాయకుడే హాస్యనటుడు కస్తూరి శివరావు. అటువంటి చోట, రాజుగారి అల్లుళ్ళలో ఒకనిగా నటించి చూపరుల దృష్టిని తనవైపు త్రిప్పుకోవడం సామాన్యం కాదు. అప్పటికి రేలంగి వయస్సు 39 ఏండ్లు.

ఆ తరువాత అవకాశాలు వరుసగా వచ్చాయి. ‘పాతాళభైరవి’ (1951)లో రాజుగారి బావమరదిగా తన పాట తానే పాడుకొన్నారు. తండ్రి నేర్పిన సంగీతం అక్కరకు వచ్చింది. ‘మిస్సమ్మ’ (1955)లో దేవయ్య, ‘మాయాబజార్’ (1957)లో లక్ష్మణకుమారుడు ఆయనే. మాయాశశిరేఖ సరసన పెండ్లిపీటలమీద కూర్చున్న ఆ రాకుమారుడు తాను హాస్యపాత్రనని ఎరుగడు. తన దర్పం తనకు సత్యమే. తన భయం తనకు ప్రాణాంతకమే. అందుకే మనకు నవ్వు ఆగదు. పాత్రను వెక్కిరించక, పాత్రలో నమ్మకంతో లీనం కావడమే రేలంగి హాస్యంలోని రహస్యం.

1970లో ప్రభుత్వం పద్మశ్రీతో సత్కరించింది. 1975లో ఆయన కీర్తిశేషులయ్యారు. పరీక్షాఫలితం ఒక్క ఏడు ఆలస్యమైతేనే నిరుత్సాహపడే విద్యార్థికి ఆయన వెండితెర నవ్వులతో పాటు, అంతకు ముందు గడచిన ఆ 14 ఏండ్లు కూడ స్మరణీయాలు.