మాల్దీవుల యాత్ర: ఖర్చును నిర్ణయించేది ద్వీపం ఎంపికే

మాల్దీవులు అనగానే సముద్రంపై నిలిచిన విలాస కుటీరాలు, సామాన్యులకు అందని అద్దెలు గుర్తుకొస్తాయి. ఈ ఖరీదు వెనుక దశాబ్దాల పాటు కొనసాగిన పర్యాటక విధానం ఉంది.

1972లో తొలి రిసార్టు ప్రారంభమయ్యాక, జనావాసం లేని ఒక్కో ద్వీపాన్ని ఒక్కో రిసార్టుకు కేటాయించే పద్ధతి స్థిరపడింది. అక్కడ మరో దుకాణం ఉండదు కాబట్టి తాగునీటి నుంచి పడవ దాకా అన్నీ రిసార్టు చెప్పిన ధరకే కొనాలి. 2008లో ఎన్నికైన మహమ్మద్ నషీద్ ప్రభుత్వ హయాంలో, ప్రజలు నివసించే ద్వీపాల్లో అతిథి గృహాలకు మార్గం సుగమమైంది. మాఫుషి వంటి ద్వీపాలు తక్కువ ఖర్చు యాత్రికులకు చేరువైంది అప్పటినుంచే.

ప్రయాణం

భారతీయులకు పర్యాటక వీసాను అక్కడికి చేరాక ఉచితంగా ఇస్తారు. దూరపు రిసార్టులకు తీసుకెళ్లే సీప్లేన్‌కు ఒక్కొక్కరికి వందల డాలర్లు అవుతుంది. రాజధాని మాలే నుంచి మాఫుషికి ప్రభుత్వ ఫెర్రీలో గంటన్నర ప్రయాణం. చార్జీ స్పీడ్‌బోటుతో పోలిస్తే నామమాత్రం. శుక్రవారం సెలవు కావడంతో సాధారణ ఫెర్రీలు నడవవు. ఆ రోజు దిగినవారు స్పీడ్‌బోటుకో, మాలేలో అదనపు బసకో చెల్లించాల్సి వస్తుంది.

పన్నుల లెక్క

ప్రకటించిన అద్దె తుది ధర కాకపోవచ్చు. 50 డాలర్ల గదికి 10 శాతం సేవా రుసుము కలిపితే 55 డాలర్లు. దానిపై 17 శాతం పర్యాటక జీఎస్టీ 9.35 డాలర్లు. చిన్న అతిథి గృహాల్లో తలకు రోజుకు 6 డాలర్ల చొప్పున హరిత పన్ను ఇద్దరికి 12 డాలర్లు. మొత్తం 76.35 డాలర్లు, అంటే చూసిన ధర కంటే సగానికి పైగా ఎక్కువ. పన్నులతో కలిపిన మొత్తాన్ని బుకింగ్‌కు ముందే అడిగి తెలుసుకోవాలి.

భోజనం, నియమాలు

స్థానిక టీ దుకాణాల్లో ట్యూనా, కొబ్బరి తురుముతో చేసే 'మస్ హుని', రొట్టెతో అల్పాహారం చౌకగా ముగుస్తుంది. చాలా వంటకాల్లో చేప ఉంటుంది కాబట్టి శాకాహారులు ముందే విచారించుకోవాలి. మే నుంచి అక్టోబరు వరకు వర్షాకాలం. గదుల ధరలు తగ్గినా, సముద్రం అల్లకల్లోలమైతే పడవలు ఆగిపోవచ్చు. తిరుగు విమానానికి ముందు ఒక రోజు వెసులుబాటు ఉంచుకోవడం మేలు.

జనావాస ద్వీపాల్లో మద్యం నిషిద్ధం. ఈత దుస్తులకు ప్రత్యేకించిన తీరాల్లోనే అనుమతి. రిసార్టులో యాత్రికుడు వినియోగదారుడు మాత్రమే. ఇక్కడ మరొకరి ఊరికి వచ్చిన అతిథి కూడా. ఆ ఊరి కట్టుబాట్లను పాటించక తప్పదు.