రెండవ చెవికి తగిన తోడు

వినికిడి యంత్రం పెట్టుకున్నా మాట అర్థం కానంతగా చెవి దెబ్బతిన్నవారికి కాక్లియర్ ఇంప్లాంట్ ఆధునిక వైద్యం ప్రసాదించిన గొప్ప ఆసరా. 1978లో ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్ నగరంలో గ్రేమ్ క్లార్క్ బృందం పలు ఎలక్ట్రోడ్లు గల ఇంప్లాంటును ఒక రోగికి అమర్చింది. అయితే మన దేశంలో ఈ శస్త్రచికిత్స చాలామందికి ఒక చెవికే జరుగుతున్నది. మరి రెండవ చెవి మాటేమిటి? పాత యంత్రాన్ని పెట్టెలో పడవేసి, ఇక ఒక చెవి చాలుననుకునే కుటుంబాలు లేకపోలేదు. ఇది సరికాదు.

కారణం తెలియాలంటే ముందు ఇంప్లాంటు పరిమితిని గ్రహించాలి. ఆరోగ్యవంతమైన లోపలి చెవిలో ధ్వనిని నాడికి అందించే రోమకణాలు సుమారు 3,500 ఉంటాయి. ఇంప్లాంటులోని ఎలక్ట్రోడ్లు, తయారీదారును బట్టి, 12, 16 లేక 22 మాత్రమే. ‘స’, ‘శ’ వంటి హల్లులలోని హెచ్చు స్థాయి ధ్వనులను అది చక్కగా అందిస్తుంది. కాని స్వరంలోని ఆరోహణ అవరోహణలను అంతగా పట్టి ఇవ్వలేదు. “రా నాన్నా” అన్న పిలుపులో లాలన ఉన్నదో, మందలింపు ఉన్నదో తెలిపేది ఆ స్వరభేదమే గదా! రెండవ చెవిలో సాధారణంగా మిగిలి ఉండేది 1,000 హెర్ట్జ్‌కు లోబడిన తగ్గు స్థాయి వినికిడి. కంఠధ్వనీ, సంగీత మాధుర్యమూ అధికంగా అక్కడనే ఉంటాయి. కాబట్టి ఒక చెవి లోటును రెండవ చెవి తీరుస్తుంది.

దీనిని బట్టి ఎంపికకు కొన్ని సూత్రాలు ఏర్పడుతున్నవి. మొదటిది: తగ్గు స్థాయి ధ్వనులను బలంగా, స్పష్టంగా ఇవ్వగల యంత్రం కావాలి. చెవిలో బిగువుగా అమరే అచ్చు లేకపోతే ఈ ధ్వనులే ముందుగా బయటికి జారిపోతాయి. ఈల శబ్దం కూడా వస్తుంది. పిల్లల చెవి పెరిగేకొద్దీ అచ్చును మార్పించాలి.

రెండవది: రెండు చెవులలోనూ శబ్దం సమానమైన బిగ్గరతనంతో వినిపించాలి. ఇంప్లాంటు అమరిక కుదుటపడిన తరువాత, దానికి అనుగుణంగా యంత్రాన్ని సరిచేయాలి. రెండింటినీ ఒకే నిపుణుడు చూడడం మేలు.

మూడవది: రెండు పరికరాలకూ పొత్తు కుదరాలి. అడ్వాన్స్‌డ్ బయోనిక్స్ ఇంప్లాంటుకు ఫోనాక్ యంత్రాలు, కాక్లియర్ సంస్థ ఇంప్లాంటుకు రీసౌండ్ యంత్రాలు జతగా రూపొందినవి. జత కుదిరితే ఫోను మాటలు ఏకకాలంలో రెండు చెవులకూ చేరుతాయి. అయితే ఆ సంస్థల నమూనాలన్నీ జత కలియవు. ప్రాసెసర్ నమూనా పేరు చెప్పి విచారించిన పిదపనే కొనాలి. జత యంత్రం కొనే స్తోమత లేనివారు నిరాశ చెందనవసరం లేదు. సరిగా అమర్చిన సామాన్య యంత్రం, సరిగా అమర్చని ఖరీదైన యంత్రం కంటె ఎన్నో రెట్లు నయం.

కొన్ని వారాలు వాడి చూచి, సద్దు గల గదిలో ఇంప్లాంటుతో మాత్రమే ఒకసారి, రెండింటితో ఒకసారి మాటలు వినిపించి పరీక్షించమని కోరాలి. ఎంత సరిచేసినా ప్రయోజనం కనబడకపోతే రెండవ ఇంప్లాంటు విషయం వైద్యునితో చర్చించాలి.

హైదరాబాదులో జన్మించి, ఉస్మానియా విశ్వవిద్యాలయ ఉపకులపతిగా పనిచేసిన అలీ యావర్ జంగ్ పేరిట 1983లో ముంబయిలో నెలకొన్న జాతీయ వినికిడి సంస్థకు సికిందరాబాదులో ప్రాంతీయ కేంద్రం ఉన్నది. మన ప్రాంతపువారు అక్కడ సలహా పొందవచ్చును.

పసితనంలో శబ్దం సోకని చెవికి, ఆ చెవి నుండి మెదడుకు పోయే నాడీమార్గానికి, తరువాత ఎంత సాధన చేయించినా పూర్తి పాటవం రావడం దుర్లభం. కనుక తల్లిదండ్రులు ఈ నిర్ణయాన్ని రేపటికి వాయిదా వేయరాదు. మిగిలిన కొద్దిపాటి వినికిడి కూడా బిడ్డ సొత్తే. దానిని కాపాడడం పెద్దల విధి.