తాతలనాటి సమోవార్‌కు కళాయి వేసేదెవరు?

స్నానాలకు నీళ్లు కాచే పాతకాలపు రాగి బాయిలరును చూసినవారికి సమోవార్ అంటే ఏమిటో వేరే చెప్పనక్కరలేదు. నడుమ నిప్పు గొట్టం, చుట్టూ నీళ్లు, అడుగున బూడిద రాలే చట్రం, ముందువైపు కుళాయి. రెండింటి కిటుకూ ఒకటే. కాకపోతే మన బాయిలరు దొడ్లో మసిబారి ఉండేది. రష్యావారి సమోవార్ మాత్రం తళతళలాడుతూ భోజనాల బల్ల మీద, ఇంటిల్లిపాదికీ నడుమ కూచునేది. తాత పోతే కొడుక్కి, ఆ తర్వాత మనవరాలికి దక్కేది. అలా చేతులు మారిన పాత సమోవార్లు రష్యాలోనూ, బయటి దేశాల్లోనూ ఎన్నో ఇళ్లలో ఉన్నాయి. వాటిలో నీళ్లు కాగేవి మాత్రం తక్కువ.

సమోవార్ అన్న మాటకు 'తనంత తానే కాచేది' అని అర్థం. ముందు నీళ్లు నింపి, గొట్టంలో బొగ్గులో, ఎండిన దేవదారు కాయలో వేసి అంటిస్తారు. పొగ పోవడానికి పైన మరో గొట్టం తగిలిస్తారు. నిప్పు మందగిస్తే పొడుగాటి తోలు బూటును తలకిందులుగా గొట్టానికి తొడిగి, కొలిమి తిత్తిలా నొక్కి గాలి ఊదడం పల్లెటూరి పద్ధతి. నీళ్లు కాగేముందు సమోవార్ సన్నగా రాగం తీస్తుంది. 'పాడుతోంది' అంటారు రష్యావారు. నెత్తిన చిన్న కూజాలో చిక్కటి తేయాకు డికాక్షన్ పెడతారు. కప్పులో అది కొంచెం పోసుకుని, కుళాయి తిప్పి వేడినీళ్లు కలుపుకోవాలి. పాలు పోసి మరగబెట్టే మన టీకి, దీనికి చుట్టరికం తక్కువే.

ఈ పేరు తెలుగు పాఠకులకు కొత్త కాదు. మాస్కోలో అచ్చయి, విశాలాంధ్ర పుస్తకశాలల ద్వారా చౌకధరకు వచ్చిన టాల్‌స్టాయ్, చెహోవ్, గోర్కీ పుస్తకాల తెలుగు అనువాదాలు చదివినవారికి సమోవార్ పరిచయమే. వస్తువు కంటపడకపోయినా పేరు మాత్రం పల్లెలదాకా వచ్చింది.

సమోవార్ల పుట్టిల్లు తూలా పట్టణం. మాస్కోకు దక్షిణంగా సుమారు 200 కిలోమీటర్ల దూరం. టాల్‌స్టాయ్ స్వగ్రామం యాస్నయా పొల్యానా కూడా ఆ దగ్గర్లోనే. పీటర్ చక్రవర్తి 1712లో ఇక్కడ ఆయుధాల కర్మాగారం పెట్టించాడు. తుపాకులు చేసే చేతులకు ఇత్తడి పని ఓ లెక్కా? 1778లో ఇవాన్, నజార్ లిసిత్సిన్ అనే అన్నదమ్ములు సమోవార్ల పని మొదలుపెట్టారు. 1850 నాటికి ఊళ్లో 28 కార్ఖానాలు, ఏడాదికి దాదాపు లక్షా ఇరవై వేల సమోవార్లు! పనంతా పట్టణంలోనే జరిగేదనుకుంటే పొరపాటు. చుట్టుపక్కల పల్లెల్లో రైతులు ఇళ్లలోనే విడిభాగాలు చేసేవారు. ఒకరు పిడులు, ఒకరు కుళాయిలు. అవి బండ్లకెత్తి కార్ఖానాకు చేరవేస్తే అక్కడ అతికి, మెరుగుపెట్టేవారు. మన బజార్లో ఇత్తడి బిందెల్లాగే సమోవార్లనూ తూకానికి అమ్మేవారు. బరువు కొద్దీ ధర. కమ్మరివీధిలో సూదులమ్మినట్టు అని మనం అంటే, సొంత సమోవార్ పట్టుకుని తూలా వెళ్లినట్టు అని వాళ్లంటారు.

పాత సమోవార్ల మీద వరుసగా పతకాల ముద్రలుంటాయి. అవి కార్ఖానాకు ప్రదర్శనల్లో వచ్చిన బహుమతులు. బాతాషెవ్ కార్ఖానా సరుకు మీద 1889 పారిస్ ప్రదర్శన ముద్ర కనబడుతుంది. దాన్ని చూసి తమ సమోవార్ ఆ ఏడే తయారైందని చాలామంది పొరబడతారు. ఆ ముద్ర ఆ తర్వాత ఎన్నేళ్లకు చేసిన సరుకు మీదైనా ఉండవచ్చు. పైగా బాతాషెవ్ ఇంటిపేరుతో పలువురు వ్యాపారం చేశారు. పేరు చూసి మురిసిపోవడానికీ వీల్లేదు. ఇంతకంటే నమ్మదగిన గుర్తు అక్షరాల్లోనే ఉంది. రష్యాలో 1918లో లిపిని సంస్కరించి, మాటల చివర పలక్కుండా ఉండిపోయే ఒక అక్షరాన్ని తీసేశారు. ముద్రలో యజమాని పేరు చివర ఆ అక్షరముంటే సాధారణంగా అది అంతకు ముందరి సరుకే.

మరి అంత విలువైనదా అంటే, మామూలు ఇత్తడి సమోవార్‌కు బజారులో పలికేది ఏమంత పెద్ద ధర కాదు. లక్షల్లో తయారైన వస్తువది. దాని విలువ వేరేచోట ఉంది. 1881 తర్వాత యూదులపై దాడులు జరిగి, రష్యా సామ్రాజ్యం నుంచి లక్షలాది యూదు కుటుంబాలు అమెరికా దారి పట్టాయి. ఓడ ఎక్కేటప్పుడు ఇల్లూ వాకిలీ వెంట రావు. ఈకల పరుపు, దీపపు సెమ్మెలు, సమోవార్ మూటగట్టుకుని వెళ్లారు. 1917 విప్లవం తర్వాత దేశం విడిచినవారిలోనూ ఎందరో అదే పని చేశారు. అవతలి గట్టున గ్యాసు పొయ్యి ఉంది, బొగ్గుల అవసరం తీరిపోయింది. సమోవార్ అలమర ఎక్కింది. కొందరైతే దానికి చిల్లు పొడిచి, తీగ దూర్చి, కరెంటు దీపం కింద మార్చేశారు. చిల్లు పడ్డ సమోవార్‌లో మళ్లీ నీళ్లు నిలవాలంటే గగనమే.

చిల్లు పడకుండా మిగిలినవాటికి కళాయి చిక్కు. ఇత్తడికి లోపల తగరం పూత లేకపోతే చిలుము పడుతుంది. ఆ నీళ్లు తాగడం ఒంటికి చేటు. ఊరూరా కళాయిసాయిబు తిరిగిన రోజుల్లో మన ఆడవాళ్లు గిన్నెలన్నీ వీధిలో పెట్టేవారు. ఆయన చిన్న కొలిమి రాజేసి, నవాసాగరం చల్లి, తగరం కరిగించి దూదితో రుద్దితే గిన్నె వెండిలా మెరిసేది. స్టీలు గిన్నెలొచ్చాక ఆ పిలుపు వినబడడం అరుదైంది. రష్యాలోనూ అంతే. కరెంటు సమోవార్లు వచ్చాక పాతవాటికి పూత పూసే చేతులు కరువయ్యాయి. నయమేమిటంటే, రాగి సమోవార్లలో కహ్వా కాచుకునే కాశ్మీరులో ఈ పని తెలిసినవారు ఇంకా ఉన్నారు. తూలాలో 1990లో సమోవార్ల మ్యూజియం తెరిచారు. అక్కడివి చూడటానికి.

ఇంట్లో ఉన్నదాన్ని వెలిగించే ముచ్చట ఉంటే ముందు మూత తీసి లోపలికి చూడాలి. తెల్లగా ఉంటే పూత ఉన్నట్టు. పసుపో, ఎరుపో, పచ్చటి మరకలో కనిపిస్తే నీళ్లు తాగడానికి పనికిరాదు. పూత బాగుంటే నీళ్లు నింపి రాత్రంతా ఉంచి, కారుతోందేమో చూసుకోవాలి. నీళ్లు పోయకుండా నిప్పు మాత్రం వేయరాదు. అతుకులు తగరంతో వేసినవి. ఉత్త సమోవార్‌లో నిప్పు రాజేస్తే కాసేపట్లో అతుకులు కరిగి ఊడిపోతాయి. మూడు తరాలు కాపాడిన సమోవార్లు కొన్ని ఇలా ఒక్క పూటలో పాడయ్యాయి. ఆపేటప్పుడూ అంతే. నిప్పు పూర్తిగా ఆరేదాకా అడుగున నీళ్లు ఉండాల్సిందే.