బొమ్మ బాగా రాకపోయినా ఫరవాలేదు

ఆ మధ్య ఒక పెద్దమనిషి భార్యను వెంటబెట్టుకుని మా ఆసుపత్రికి వచ్చారు. ఉద్యోగం నుంచి రిటైరై ఏడాది దాటింది. రాత్రిళ్ళు నిద్ర పట్టడం లేదనీ, ఉన్నట్టుండి గుండె దడదడ కొట్టుకుంటోందనీ ఆయన బాధ. రక్తపు పోటుకు మాత్రలు వాడుతున్నారు. అది అదుపులోనే ఉంది. ఇ.సి.జి. తీయించాను. చక్కెర, థైరాయిడ్, రక్తహీనత అన్నీ చూశాం. ఎక్కడా దోషం కనబడలేదు.

"రోజంతా ఏం చేస్తూంటారు?" అని అడిగాను.

"చేసేదేముందండీ డాక్టరుగారూ! పొద్దు పొడుస్తుంది, పొద్దు గుంకుతుంది" అన్నారాయన.

"ఆ ఫోను చేతిలోంచి దిగదండీ. పక్కమీద కూడా అదే" అని భార్య అందుకున్నారు. "బొమ్మలంటే మహా ఇష్టం. ఎన్నడూ వేసింది లేదు. పోనీ ఇప్పుడన్నా నేర్చుకుంటారని అమ్మాయి పెన్సిళ్ళ పెట్టె కొని పంపించింది. ఒక్కరోజు తీశారు. ఎద్దు బొమ్మ వేస్తే మనవడు 'ఇది కుక్కా తాతయ్యా?' అన్నాడు. అంతే, పెట్టె బీరువా ఎక్కింది."

"నా చెయ్యి నా మాట వినదండీ" అని ఆయన నవ్వబోయి ఊరుకున్నారు.

నేను నిద్రమాత్ర రాయలేదు. చీటీ మీద "రోజూ రాత్రి 20 నిమిషాలు పెన్సిలు" అని రాసి, ఎలా వాడాలో చెప్పి పంపాను. ఆయనకు చెప్పిందే ఇప్పుడు మీకూ చెబుతాను. అలాంటి పెట్టె మీ బీరువా మీద కూడా ఒకటి ఉండవచ్చు.

చెయ్యి కాదు, చూపు

"నాకు చెయ్యి తిరగదు" అని చాలామంది అంటారు. ఆ చేతితోనే సంతకం పెడుతున్నారు, సూదిలో దారం ఎక్కిస్తున్నారు. ముగ్గుపిండిని రెండు వేళ్ళ మధ్య నుంచి సన్నగా జారవిడుస్తూ చుక్కల చుట్టూ తిప్పగలిగిన చేతికి పెన్సిలు ఒక లెక్కా? చిక్కంతా చూపులో ఉంది.

మన మెదడుకు ఒక అలవాటు. ఎదుట ఉన్న వస్తువు ఏమిటో గుర్తుపట్టగానే ఇక దాన్ని చూడడం మానేస్తుంది. తనకు తెలిసినదాన్ని చేతికి అందిస్తుంది. గ్లాసు మూతి గుండ్రమని మనకు తెలుసు, అందుకని గుండ్రంగా గీస్తాం. అడుగు బల్లమీద నిలిచి ఉందని తెలుసు, అందుకని అడ్డగీత గీస్తాం. నిజానికి మీరు కూర్చున్నచోటు నుంచి చూస్తే ఆ మూతి కోలగా కనిపిస్తుంది. అడుగు అంచు కూడా వంపు తిరిగే ఉంటుంది.

చిన్న పరీక్ష చేసుకోండి. కాగితం మీద ఒక మనిషి తల గీయండి. కళ్ళు ఎక్కడ పెట్టారు? నుదుటికి దగ్గరగా, బాగా పైన పెట్టి ఉంటారు. ఇప్పుడు అద్దం ముందు నిలబడి కొలవండి. నడినెత్తి నుంచి కళ్ళకు ఎంత దూరమో, కళ్ళ నుంచి గడ్డానికీ దాదాపు అంతే. పుట్టింది మొదలు రోజూ చూస్తున్న ముఖమే! చూశామనుకున్నాం గాని చూడలేదన్నమాట.

కనుక బొమ్మ నేర్చుకోవడమంటే చూడడం నేర్చుకోవడమే. దీనికి వయసు అడ్డు రాదు.

పెట్టెలో ఏముంది?

మొదటిసారి పెట్టె తెరిచినవారు అందులో ఉన్న సరంజామా చూసి కంగారు పడతారు. డజను పెన్సిళ్ళు, బొగ్గు కడ్డీలు, కాగితం బిగించి చుట్టిన పుల్లలు, పిండిలా పిసికే రబ్బరు, గరుకు కాగితం. మొదటి నెలలో వీటిలో ముప్పాతిక భాగంతో మీకు పని లేదు. హెచ్.బి., 2బి, 4బి పెన్సిళ్ళు మూడు, ఒక రబ్బరు, చెక్కుకునే మర, తెల్లకాగితాల పుస్తకం చాలు. పెట్టె లేనివారు పిల్లల పెన్సిలుతో మొదలుపెట్టినా నష్టం లేదు.

పెన్సిలు లోపలి నల్లపుల్లను లెడ్ అంటాం. లెడ్ అంటే సీసం, సీసం విషం గనక కొందరు తల్లులు భయపడుతూంటారు. అందులో సీసం లేదు. గ్రాఫైట్ అనే ఒక రకం కర్బనాన్ని, బంకమన్నును కలిపి కాల్చి ఆ పుల్ల చేస్తారు. ఫ్రాన్సులో నికోలా జాక్ కాంటే ఈ పద్ధతికి 1795లో పేటెంటు పొందాడు. మన్ను పాలు ఎక్కువైతే పుల్ల గట్టిపడి గీత లేతగా పడుతుంది, అది హెచ్. గ్రాఫైట్ పాలు ఎక్కువైతే మెత్తబడి గీత నల్లగా పడుతుంది, అది బి. అంకె పెరిగినకొద్దీ ఆ గుణం పెరుగుతుంది. హెచ్.బి. నడిమిది.

బొగ్గు కడ్డీల పొడి ఉబ్బసం ఉన్నవారికి పడకపోవచ్చు. వాటి జోలికి పోకండి. కాగితం మీది పొడిని నోటితో ఊదకుండా గుడ్డతో తుడవండి.

వాడే పద్ధతి

మొదటి వారం గీతలే. నిలువు, అడ్డం, ఏటవాలు, సున్నాలు, కోలసున్నాలు. పెన్సిలును కాస్త వెనక్కి పట్టుకుని, మణికట్టుతో కాక భుజం నుంచి చేతిని కదపండి. గట్టిగా నొక్కకండి. వేళ్ళు తెల్లబడుతున్నాయంటే బిగించి పట్టుకున్నారని అర్థం.

రెండవ వారం ఒక స్టీలు గ్లాసును దీపానికి ఒక పక్కగా పెట్టి గీయండి. రోజూ అదే గ్లాసు. అంచుల తరువాత వెలుగు ఎక్కడ పడింది, నీడ ఎక్కడ చిక్కగా ఉంది అని కళ్ళు సగం మూసి చూడండి. చిన్న చిన్న వివరాలు మరుగై నలుపు తెలుపులు తేలతాయి. నలుపుకు 4బి వాడండి.

మూడవ వారం ఒక ఉపాయం. పాత వారపత్రికలో బాపుగారి గీతల బొమ్మ ఏదైనా తీసుకుని తలకిందులుగా పెట్టి, అది ఏమిటో ఆలోచించకుండా గీత వెంట గీత దించండి. ముక్కు అని తెలియనప్పుడు మెదడు తనకు తెలిసిన ముక్కును అందించలేదు. కన్ను చూసిందే చేతికి వస్తుంది. అమెరికా డ్రాయింగు టీచరు బెట్టీ ఎడ్వర్డ్స్ 1979లో వెలువరించిన పుస్తకం వల్ల ఈ సాధన చాలామందికి తెలిసింది. మెదడులో కుడి, ఎడమ భాగాలంటూ ఆవిడ చెప్పిన కారణాన్ని ఇవాళ్టి శాస్త్రం పూర్తిగా ఒప్పుకోదు గాని, ఉపాయం మాత్రం పనిచేస్తుంది. తరువాత మీ ఎడమచెయ్యి గీయండి. అది ఎప్పుడూ మీ దగ్గరే ఉంటుంది, అడిగినంతసేపు కదలకుండా కూర్చుంటుంది.

రెండు నియమాలు. ప్రతి బొమ్మ మూల తేదీ వేయండి. ఏ బొమ్మనూ చింపకండి, నెలరోజుల వరకు ఎవరికీ చూపకండి, మనవడికి అసలే వద్దు.

మేలు ఎంతవరకు?

అమెరికాలో డ్రెక్సెల్ విశ్వవిద్యాలయం వారు 39 మంది పెద్దవారి చేత 45 నిమిషాలపాటు బొమ్మలు వేయించి, మట్టితో, అతుకు కాగితాలతో నచ్చినవి చేయించి, ముందూ వెనకా ఉమ్మి పరీక్ష చేశారు. మనసు ఒత్తిడికి లోనైనప్పుడు పెరిగే కార్టిసాల్ అనే హార్మోను ముప్పాతిక వంతు మందిలో తగ్గింది. 2016లో ఈ ఫలితాలు వెలువడ్డాయి. అంతకు ముందు అనుభవం ఉన్నవారికీ లేనివారికీ తేడా కనబడలేదు. బొమ్మ బాగా రానక్కరలేదని నేననడం అందుకే.

అయితే ఇది చిన్న పరిశోధన, పోల్చి చూడడానికి మరో జట్టును పెట్టుకోలేదు. కాబట్టి పెన్సిలు పట్టుకున్నామని రక్తపు పోటు మాత్రలు మానేయకండి సుమా! నా అనుభవం మాత్రం ఒకటి చెబుతాను. వైద్యకళాశాలలో సూక్ష్మదర్శినిలో చూసిన కణజాలాన్ని మేము ఎరుపు, ఊదా రంగుల పెన్సిళ్ళతో రికార్డు పుస్తకంలో దించాలి. చదివింది చాలావరకు మరిచిపోయాను. గీసింది ఇప్పటికీ కళ్ళకు కట్టినట్టు ఉంది. గీస్తున్నంతసేపూ మరో ఆలోచన రాదు. నిద్రకు ముందు మనసుకు కావలసింది అదే. ఆ 20 నిమిషాలూ ఫోను వేరే గదిలో ఉండాలి.

జాగ్రత్తలు

నలభై దాటినవారు చత్వారపు అద్దాలు పెట్టుకునే గీయండి. కుడిచేతి వాటం వారికి దీపం ఎడమవైపు ఉంటే చేతినీడ కాగితం మీద పడదు. పుస్తకాన్ని వంగి చూడకుండా, అట్టకు పెట్టి ఏటవాలుగా ఎత్తుకోండి; మెడ నొప్పి రాదు.

బొటనవేలు, చూపుడువేలు, నడిమివేలు తిమ్మిరెక్కి రాత్రివేళ లేపుతుంటే మణికట్టు దగ్గర నరం నొక్కుకుపోతోందేమో చూపించుకోండి. చక్కెర వ్యాధి, థైరాయిడ్ లోపం ఉన్నవారిలో ఇది ఎక్కువ. ఒళ్ళో ఊరికే పెట్టుకున్న చెయ్యి వణుకుతున్నా, అక్షరాలు రానురాను చిన్నవైపోతున్నా డాక్టరును కలవండి. తేదీలు వేసిన పుస్తకం వెంట తీసుకువెళ్ళండి, మాకెంతో సాయం. ఇక, పెన్సిలు ఉన్నట్టుండి చేతిలోంచి జారిపోయి, మూతి వంకర తిరిగినా, మాట ముద్దగా వచ్చినా క్షణం ఆగకండి. 108కి ఫోను చేయండి. రక్తపుగడ్డ వల్ల వచ్చిన పక్షవాతానికి దాన్ని కరిగించే ఇంజక్షను 4½ గంటల లోపే ఇవ్వాలి.

మూడు నెలలు గడిచాక ఆ పెద్దమనిషి మళ్ళీ వచ్చారు. రక్తపు పోటు మాత్ర అంతే ఉంది, తగ్గించలేదు. నిద్ర మాత్రం పదకొండు లోపు పడుతోందట. దడ ఎప్పుడైనా వస్తోంది గాని మునుపటంత భయపెట్టడం లేదట. పుస్తకం నా చేతికిచ్చారు. మొదటి పుటల్లో గ్లాసులు వంకరగా, దొర్లి పడేట్టు ఉన్నాయి. చివర్లో బియ్యం ఏరుతున్న రెండు చేతులు. వేళ్ళు కాస్త పొడుగైపోయాయి. అయినా కణుపులు, గాజు కింద నీడ, అరిగిన ఉంగరం అన్నీ ఉన్నాయి.

"నావేనండీ" అన్నారు ఆయన భార్య. "ముప్పైఆరేళ్ళ కాపురంలో ఈయన నా చేతులకేసి ఇంతసేపు చూడడం ఇదే మొదలు."

ఈ రాత్రికి బీరువా మీది పెట్టె దించండి. గ్లాసు వంటింట్లో ఉండనే ఉంది.