కోట గోడలే చీర అంచులైన ఊరు!

మీ బీరువాలో మహేశ్వరి చీర ఉందా? ఉంటే ఒక్కసారి తీసి అంచు చూడండి. అలల్లాంటి గీతలు, చాప అల్లిక, ఇటుకల వరస, వజ్రాలు... ఇవన్నీ ఓ కోట గోడల మీది చెక్కడాల్లోంచి వచ్చినవేనంటారు. ఆ కోట ఉన్న ఊరే మహేశ్వర్. మధ్యప్రదేశ్‌లో, ఇండోర్‌కి సుమారు 90 కిలోమీటర్ల దూరాన, నర్మద ఒడ్డున ఉన్న చిన్న ఊరు. పురాణాల్లోని మాహిష్మతి ఇదేనని చాలామంది చెబుతారు. (అవునండీ, 2015లో 'బాహుబలి' చూసి మన పిల్లలు పలవరించిన పేరే! ఆ కథకీ ఈ ఊరికీ మాత్రం ఏ సంబంధమూ లేదు.)

ఈ ఊరి గురించి చెప్పాలంటే ముందు అహల్యాబాయి హోల్కర్ గురించి చెప్పాలి. 1754లో కుంభేర్ కోట ముట్టడిలో ఆవిడ భర్త ఖండేరావు పోయాడు. సహగమనానికి సిద్ధపడ్డ కోడల్ని మామగారు మల్హర్‌రావే ఆపారు. ఆపి ఊరుకోలేదు, రాజ్య వ్యవహారాలన్నీ దగ్గరుండి నేర్పారు. 1766లో ఆయన, మరుసటి ఏడు ఆవిడ ఒక్కగానొక్క కొడుకు పోయారు. ఆ దుఃఖంలోనే రాజ్యభారం నెత్తినేసుకుని, రాజధానిని మహేశ్వర్‌కి మార్చుకుని, 1795లో కన్నుమూసేదాకా పాలించారావిడ. కాశీలో మనం దర్శించుకునే విశ్వనాథుడి గుడి 1780 ప్రాంతంలో కట్టించింది కూడా ఈవిడే.

కోటలో ఆవిడ ఉన్న రాజవాడ చూస్తే ఆశ్చర్యమేస్తుంది. రాణిగారిల్లంటే అద్దాల మేడ ఊహించుకుంటాం కదా! ఇదేమో మన మండువా లోగిలికి అక్కచెల్లెల్లా ఉంటుంది. చెక్క స్తంభాలు, వసారా, ఆవిడ కూర్చుని తగవులు విన్న గద్దె, పూజగది... అంతే. అక్కణ్ణుంచి మెట్లు దిగితే రేవు. రాతి ఛత్రీలు, గుళ్ళు, మెట్ల పొడవునా శివలింగాలు. నది మధ్యనున్న బాణేశ్వరాలయానికి పడవలో వెళ్ళాలి.

ఇక చీరల సంగతి. నేతగాళ్ళని పిలిపించి ఊళ్ళో నిలిపింది అహల్యాబాయే. మిల్లు బట్టలొచ్చాక, సంస్థానాలు పోయాక మగ్గాలు ఒక్కొక్కటీ మూలబడ్డాయి. 1970ల చివర్లో హోల్కర్ వంశానికి చెందిన రిచర్డ్ హోల్కర్, శాలీ హోల్కర్ 'రేవా సొసైటీ' పెట్టి, ఊళ్ళో ఆడవాళ్ళకి నేత పని నేర్పించి మళ్ళీ మగ్గాలు ఆడించారు. రేవా అంటే నర్మదే.

కొనేటప్పుడు అంచు రెండో వైపు కూడా తిప్పి చూడండి. అసలైన మహేశ్వరికి ఇరువైపులా ఒకేలా ఉంటుంది, ఎటైనా కట్టుకోవచ్చు. పట్టు, నూలు కలిసిన చీర గనక మొదటి ఒకటి రెండుసార్లు డ్రైక్లీనింగ్‌కి ఇచ్చి, ఆపైన చన్నీళ్ళలో విడిగా జాడించి నీడన ఆరేయండి. మెలిపెట్టి పిండకండేం!